మా వాగుకూ మూడు అంకెలు కావాలి

తెలంగాణ రాష్ట్ర విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, వరంగల్, హనుమకొండ జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను ములుగు జిల్లా ఏటూరునాగారంలో మొబైల్ షాపు నడుపుతాను. రీచార్జులు, పగిలిన డిస్‌ప్లేలు, ఛార్జింగ్ పోర్టులు నా పని. విపత్తుల గురించి మీకు పాఠం చెప్పేంత చదువు నాకు లేదు. కానీ మీరు హైదరాబాద్‌లోనో కలెక్టరేట్‌లోనో కూర్చుని పంపే హెచ్చరిక చివరికి చేరాల్సింది ఈ ఫోన్లకే. ఈ చుట్టుపక్కల ఊళ్ల ఫోన్లు ఎప్పుడో ఒకప్పుడు నా టేబుల్ మీదికి వచ్చేవే. అవి ఏం వింటాయో, ఏం వినవో నాకు బాగా తెలుసు. వానలు మొదలయ్యాక మీకు ఉత్తరాలు చదివే తీరిక ఉండదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్తాను. మీ హెచ్చరిక జిల్లా పేరు మీద వస్తుంది. మాకు ఆపద వాగు పేరు మీద వస్తుంది. ఈ రెండింటికీ మధ్య లంకె లేదు. భద్రాచలంలో గోదావరికి ఉన్నట్టే మా వాగుకూ మూడు హెచ్చరిక గీతలు పెట్టండని అడగడానికే ఈ లేఖ.

2023 జూలై 27 సంగతి మీకు గుర్తు చేయాల్సిన పని లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందు ఎన్నడూ అంత నమోదు కాలేదు. ఆ తెల్లవారుజామునే భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని మోరంచవాగు ముంచింది. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకుంటే, సహాయక బృందాలు వచ్చి దించాయి. మా వైపు కొండాయిలో జంపన్నవాగు ఇళ్లలోకి వచ్చి మనుషుల్ని తీసుకుపోయింది.

ఆ రోజు రెడ్ అలర్ట్ లేదా అంటే ఉంది. వాతావరణ శాఖను తప్పు పట్టడానికి లేదు. అయితే ఆ శాఖ లెక్కలో 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. దానిపైన ఇంకో మెట్టు లేదు. 210 పడినా అదే మాట, 650 పడినా అదే మాట. వానాకాలంలో ఎన్నిసార్లు మా జిల్లా పేరు ఎరుపులో, నారింజలో చూడలేదు? చూసి, గొడుగు పట్టుకుని, పనికి పోయాం.

ఇక్కడ నన్ను తొలిచే విషయం ఇంకొకటి ఉంది. 649.8 అనే అంకె, చుక్క తర్వాత ఎనిమిదితో సహా, మనకెలా తెలిసింది? ఆటోమేటిక్ వెదర్ స్టేషన్, అంటే వానను తనంతట తానే కొలిచి పంపే పెట్టె, ఉంది కాబట్టి. తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంస్థ రాష్ట్రమంతా ఇలాంటివి వెయ్యికి పైగా పెట్టింది. ఇంత దట్టంగా పెట్టడం నిజంగా మెచ్చుకోవాల్సిన పని. అంటే ఆ రాత్రి ఎక్కడ ఎంత పడుతుందో పెట్టెకు తెలుస్తూనే ఉంది. ఎక్కడ పడిన నీళ్లు ఏ చెరువులోకి, ఏ వాగులోకి దిగుతాయో నీటిపారుదల శాఖ మ్యాపుల్లో ఉంటుంది. మనవి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు, అది తెగితే వాగుకు అన్నది ఇక్కడ బడి పిల్లలకు కూడా తెలుసు. అన్నీ ఎవరో ఒకరికి తెలుసు. కింద పడుకుని ఉన్న ఊరికే తెలియలేదు.

గోదావరి విషయంలో ఇలా జరగదు, గమనించండి. భద్రాచలంలో 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 దాటితే రెండోది, 53 దాటితే మూడోది. ఈ మూడు అంకెలు అక్కడ టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా చెప్తారు. మా దగ్గర రామన్నగూడెం పుష్కర ఘాట్‌లో మొదటి హెచ్చరిక 14.83 మీటర్లు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు అదే. అయినా లోతట్టు కాలనీల వాళ్లను ముందే తరలించగలిగారు. ఎందుకంటే గోదావరి పొడుగునా కేంద్ర జల సంఘం కొలతలున్నాయి. మహారాష్ట్రలో పడిన వాన మా దాకా రావడానికి రోజులు పడుతుంది. పైన కొలిచి కింద చెప్పడానికి టైమ్ ఉంటుంది. ఫ్లడ్‌వాచ్ అని జల సంఘానికి ఒక యాప్ కూడా ఉంది, నేను ఫోన్లలో వేసి ఇస్తుంటాను.

వాగుకు రోజులు ఉండవు, గంటలే. అందుకే వాగుకు కొలత ఇంకా ఎక్కువ అవసరం. కానీ నేను రోజూ దాటే వంతెనల మీద ఎప్పుడో ఎవరో కొట్టిన పెయింటు గీత తప్ప నాకేమీ కనిపించదు. చీకట్లో, కుండపోతలో ఆ గీత చూడటానికి ఎవరు పోతారు?

వంతెన కింద సెన్సార్ పెట్టడం ఇప్పుడు పెద్ద విద్యేం కాదు. పై నుంచి నీటి మీదికి ఒక తరంగం పంపి, అది తిరిగొచ్చే టైమును బట్టి నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో లెక్కగడుతుంది. నీళ్లలో మునగదు కాబట్టి చెత్త, దుంగలు తగిలి పాడవదు. చిన్న సోలార్ ప్లేటు, ఒక బ్యాటరీ, ఒక సిమ్ లేదా రేడియో ఉంటే చాలు. మేడారం వంతెన దగ్గర అలాంటిది ఒకటి ఉంటే, కొండాయి వాళ్లకు వాగు ఊళ్లోకి వచ్చేదాకా ఆగాల్సిన ఖర్మ ఉండదు. మోరంచవాగు మీద పైన ఒకటి, ఆకేరు మీద ఒకటి, మున్నేరు మీద ఒకటి. ఎక్కడెక్కడ పెట్టాలో మీ ఇంజినీర్లకన్నా ముందు మా పశువుల కాపరులు చూపిస్తారు.

సెన్సార్ పెట్టి వదిలేస్తే మళ్లీ కథ మొదటికే వస్తుంది. దాని అంకె ఎక్కడో డ్యాష్‌బోర్డులో మెరుస్తుంటుంది. ఊరి వాళ్లతో కూర్చుని, పాత వరదల ఆనవాళ్లు గోడల మీద చూసి, ఒక్కో వాగుకు మూడు గీతలు తేల్చండి. మొదటిది దాటితే పశువుల తాళ్లు విప్పాలి, లోలెవల్ వంతెన మీద రాకపోకలు ఆపాలి. రెండోది దాటితే ముసలివాళ్లు, బాలింతలు, పిల్లలు ఎత్తు మీదికి పోవాలి. మూడోది దాటితే ఎవరూ ఇంట్లో ఉండకూడదు. భద్రాచలానికి మూడు అంకెలున్నట్టే మా వాగుకూ మూడు ఉండాలి. గోదావరి నిండుగా ఉన్నప్పుడు మా వాగుల నీళ్లు దిగక వెనక్కి తంతాయి, ఆ లెక్క కూడా అందులో చేర్చాలి. ఇది హైదరాబాద్‌లో కూర్చుని కంప్యూటర్ మీద తేలేది కాదు.

రాడార్ ఉంది కదా అనొచ్చు. హైదరాబాద్ డాప్లర్ రాడార్‌కు మేం సుమారు 230 కిలోమీటర్ల దూరం. భూమి గుండ్రంగా ఉండటం వల్ల, రాడార్ కిరణం కాస్త పైకి చూడటం వల్ల, ఇక్కడికి వచ్చేసరికి అది నేలకు నాలుగైదు కిలోమీటర్ల పైన పోతుంది. మేఘం పైభాగం దానికి కనిపిస్తుంది, అడుగున ఎంత కుమ్ముతుందో సరిగా కనిపించదు. కాబట్టి మాకు నేల మీది కొలతే గతి.

ఇక నా పని దగ్గరికి వస్తాను. 2023లో కేంద్రం సెల్ బ్రాడ్‌కాస్ట్ టెస్ట్ మెసేజ్‌లు పంపింది గుర్తుందా? ఫోన్లు సైలెంట్‌లో ఉన్నా గట్టిగా అరిచాయి. 'అన్నా, నా ఫోన్ అరుస్తంది, పేలుతదా?' అని షాపుకు పరిగెత్తుకొచ్చారు. 'హ్యాక్ అయిందట, పైసలు పోతయా?' అని కొందరు. మెసేజ్ ఇంగ్లీషులో ఉంటే మరేమనుకుంటారు? ఇంకోసారి ఆ సప్పుడు రాకుండా బంద్ చెయ్యమని అడిగినవాళ్లూ ఉన్నారు. సెట్టింగ్స్‌లోకి పోతే ఆపేయడం నిమిషం పని. నేను చేయలేదు, కానీ చేసే షాపులు ఉంటాయి.

నన్నడిగితే ఆ టెక్నాలజీ బంగారం. మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కో నంబర్‌కూ విడిగా పోవాలి. వరద రాత్రి అందరూ ఒకేసారి ఫోన్లు చేసుకుంటుంటే అది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవర్ ఒక్కసారి చెబితే దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ వింటాయి. నంబర్ అక్కర్లేదు, నెట్ బ్యాలెన్స్ అక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్ నుంచి మేడారం మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ల ఫోనుకూ వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, టవర్ టవర్‌కూ వేరే మాట చెప్పొచ్చు. మరి అంత సన్నని సాధనం చేతిలో ఉండగా జిల్లా మొత్తానికి ఒకటే మెసేజ్ దేనికి? 'ములుగు జిల్లాలో భారీ నుంచి అతి భారీ వర్షాలు, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి.' అప్రమత్తంగా ఉండటమంటే ఏం చేయాలి? మేలుకుని కూర్చోవాలా?

ఇలా పంపండి: 'జంపన్నవాగు మేడారం దగ్గర రెండో గీత దాటింది. ఇంకా పెరుగుతోంది. కొండాయిలో వాగు వైపు ఇళ్లలోని ముసలివాళ్లు, బాలింతలు, పిల్లలు ఇప్పుడే ఎత్తు మీదికి పోవాలి. పశువుల తాళ్లు విప్పండి.' అంతే. క్యూసెక్కులు మాకొద్దు. మేడిగడ్డ నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు, సమ్మక్క బ్యారేజీ 59 గేట్లు ఎత్తారు అని టీవీలో చూస్తాం, నోరు వెళ్లబెడతాం. అది మా ఇంటి గడప దాకా వస్తుందా, రోడ్డు మునుగుతుందా అన్నది మాత్రం అందులో ఉండదు.

మాకు ఇంకా బటన్ ఫోన్లు ఎక్కువ. పెద్దవాళ్లు వాటిని వదలరు, వాటి బ్యాటరీ వారం వస్తుంది, వరదప్పుడు పనికొచ్చేవీ అవే. వాటిలో చాలావాటికి తెలుగు అక్షరాలు రావు, డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. వచ్చినా చదవలేనివాళ్లు చాలామంది. గూడేల్లో కోయ మాట్లాడేవాళ్లు, తండాల్లో లంబాడీ మాట్లాడేవాళ్లు ఉన్నారు. వీళ్లకు గొంతుతో చెప్పాలి. అది కుదరదని మాత్రం అనకండి. ఎన్నికలప్పుడు అన్నం తింటుంటే ప్రతి ఫోనుకూ నాయకుడి గొంతు రావడం లేదా? ఆ దారినే, మా ఊరి మనిషి గొంతుతో, కోయలో ఒకటి, లంబాడీలో ఒకటి, తెలుగులో ఒకటి ముందే రికార్డు చేసి పెట్టుకోండి. కొత్త నంబర్ నుంచి వస్తే లోన్ వాళ్లని కట్ చేస్తారు కాబట్టి ఒకే నంబర్ ఖాయం చేసి, దాన్ని అందరి ఫోన్లలో సేవ్ చేయించాలి.

ఇంత చెప్పి ఫోన్ల మీద పూర్తిగా నమ్మకం పెట్టొద్దని కూడా నేనే చెప్పాలి. పెద్ద వాన రాత్రి ముందు పోయేది కరెంటు. టవర్ బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది, తర్వాత డీజిల్ పోయాలి. డీజిల్ బండి రావడానికి రోడ్డు ఉండాలి. రోడ్డు కోసుకుపోతే దాని పక్కన వేసిన ఫైబర్ వైరూ పోతుంది. కాబట్టి ఊరికో సోలార్ సైరన్ కావాలి. ఒడిశా వాళ్లు 1999 సూపర్ సైక్లోన్‌లో వేల మందిని పోగొట్టుకున్నాక మారారు. తీరం వెంట 122 చోట్ల సైరన్ టవర్లు నిలబెట్టారు, ఒక్క చోట కూర్చుని అన్నీ మోగించొచ్చు. అన్నీ ఒకేసారి కొనడానికి డబ్బు లేదంటే గుళ్లల్లో, మసీదుల్లో, చర్చిల్లో మైకులున్నాయి. వాటికి ఇన్వర్టర్ ఇవ్వండి, పూజారికీ ఇమాముకీ పాస్టరుకీ ఒక కాగితం మీద ఏం చెప్పాలో రాసివ్వండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. రాత్రి రెండు గంటలకు మండలాఫీసు నుంచి ఫోన్ వస్తే ఎత్తి, వాడవాడ తిరిగి తలుపు కొట్టే మనిషి ఎవరు? ఒకప్పుడు చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు. డప్పు సాటింపు వేసే మనిషి ఉండేవాడు. 2020లో వీఆర్వో వ్యవస్థ పోయింది, 2023లో వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దారు. ఆ నిర్ణయాల మంచిచెడుల్లోకి నేను పోను. ఇప్పుడు గ్రామ పాలన అధికారులు వచ్చారు, పంచాయతీ కార్యదర్శులు ఉన్నారు, వాళ్లలో చాలామంది హనుమకొండ నుంచో ములుగు నుంచో వచ్చిపోతారు. ఇది వాళ్ల తప్పు కాదు, అడవి ఊళ్లో అద్దె ఇల్లు దొరకదు. అయినా ఆ రాత్రి ఊళ్లో ఉండే మనిషి వేరే కావాలి. ఆపద మిత్ర పేరుతో వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే పథకం కేంద్రానికి ఉంది. వాగు ఒడ్డు ఊళ్లకు ఇద్దరిద్దరినైనా అందులో తీసుకోండి. ఒకరు ఆడమనిషి అయితే మేలు, మగవాళ్లు పనికి ఊరు దాటి పోయే కాలం ఉంటుంది.

ఆ ఇద్దరికీ ఇవ్వాల్సింది టార్చిలైటు, రెయిన్‌కోటు ఒక్కటే కాదు. సైరన్ మోగించే అధికారం ఇవ్వాలి. పైనుంచి ఆర్డర్ రావాలని చూస్తూ కూర్చుంటే వాగు ఆగదు. రైల్వేలో చూడండి. వానాకాలం రాత్రుళ్లు పట్టాల మీద గస్తీ తిరిగే ట్రాక్‌మ్యాన్ ఎర్ర దీపం చూపిస్తే ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ అయినా ఆగాల్సిందే. అతను ఎవరికీ ఫోన్ చేసి పర్మిషన్ అడగనక్కర్లేదు. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం దగ్గర ఇంటికన్నె వైపు పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, ఆ ఫోటోలు దేశమంతా చూసింది. అలాంటి చోట ఆర్డర్ల కోసం ఆగితే ఏమవుతుందో రైల్వేకు తెలుసు, అందుకే ఆ రూలు పెట్టుకుంది. మా ఊరి వాలంటీరుకూ అదే రూలు రాసివ్వండి. గీత దాటింది, మోగించాను, అంతే. తర్వాత మెమోలు, సంజాయిషీలు ఉండకూడదు.

ఉత్తుత్తి అలారం మోగితే జనం నమ్మడం మానేస్తారని మీ ఆఫీసుల్లో భయం ఉంటుంది. నిజమే, తిడతారు. మా వాళ్లు తిట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కానీ 2022 జూలైలో కడెం ప్రాజెక్టు మీది నుంచి నీళ్లు పొర్లినప్పుడు దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. ఎందుకు ఖాళీ చేయించారని ఎవరైనా అధికారిని నిలదీశారా? మర్నాడు ఒక్క మాట చెబితే చాలు: 'వాగు మూడో గీతకు ఇంత దగ్గరగా వచ్చి తగ్గింది, అందుకే లేపాం.' కారణం చెబితే జనం అర్థం చేసుకుంటారు, చెప్పకపోతేనే నవ్వుతారు.

వరంగల్ నగరం గోస వేరు. అక్కడ సిగ్నల్ ఉంటుంది, గ్రూపులు ఎక్కువ. 2023లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు అసలు సంగతికన్నా వదంతి ముందు పరిగెత్తింది, ఏ చెరువు తెగిందో ఏది తెగలేదో తెలియక హంటర్ రోడ్డు చుట్టాలు మాకు ఫోన్లు. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వచ్చింది. తుపాను అంటే సముద్రం ఒడ్డు వాళ్ల బాధ అనుకుని ఇక్కడ ఎవరి పని వాళ్లు చేసుకున్నారు, చూస్తే కాలనీలు మునిగింది హనుమకొండలో, వరంగల్‌లో. నగరానికి కావాల్సింది నాలాల మీద కొలతలు, కార్పొరేషన్ నుంచి గంటకోసారి ఒకే ఒక అధికారిక గొంతు. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడూ అంతే. భూకంపాన్ని ముందు చెప్పమని మిమ్మల్ని ఎవరూ అడగరు, అది ఎవరి వల్లా కాదు. వచ్చాక అరగంటలో తీవ్రత ఇంత, మళ్లీ ఫలానా టైముకు వస్తుందనే మెసేజ్‌లు నమ్మొద్దు అని ఒక్క మాట ఫోన్‌కు పంపితే, సాయంత్రం దాకా ఇళ్ల బయట టెన్షన్‌తో కూర్చునే పని తప్పేది.

పిడుగుల గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో దేశంలో పిడుగుపాటుకు చనిపోయినవాళ్లు 2,887 మంది. పిడుగు హెచ్చరికకు దామిని అని యాప్ ఉంది, బాగా పనిచేస్తుంది. కానీ నాటు వేసే ఆడవాళ్ల ఫోన్ గట్టు మీద టిఫిన్ సంచిలో ఉంటుంది. వాళ్లను పొలానికి తెచ్చే ఆటోవాడి ఫోన్ మాత్రం చేతిలోనే ఉంటుంది, సాయంత్రం దాకా చెట్టు కింద వీడియోలు చూస్తుంటాడు. దామిని అతని ఫోన్‌లో వేయండి. హారన్ కొడితే అందరూ గట్టెక్కుతారు.

మే నెల లోపల ఒక్కో జిల్లాలో కనీసం రెండు వాగులతో మొదలుపెట్టండి. అంకెలు పంచాయతీ గోడ మీద పెద్దగా రాయించండి. జూన్‌లో ఒక రాత్రి నిజంగా సైరన్ మోగించి, ఎవరెవరు ఎత్తు మీదికి వచ్చారో, ఎవరు నిద్ర లేవలేదో చూడండి. పగటి పూట కలెక్టర్ గారు రిబ్బన్ కత్తిరించే డ్రిల్లు వద్దు. ఫోన్లలో హెచ్చరికల సెట్టింగ్ ఆన్ చేయడం, ఆ ఒక్క నంబర్ సేవ్ చేయడం నాలాంటి షాపుల వాళ్లం ఊరూరా తిరిగి ఉచితంగా చేస్తాం. ఏటూరునాగారం, మంగపేట, తాడ్వాయిలో దోస్తులతో మాట్లాడాను, సరేనన్నారు.

మొదటి గీత ఏ వంతెన దగ్గర గీస్తారో చెప్పండి. నిచ్చెన, పెయింటు ఇక్కడే దొరుకుతాయి.

ఇట్లు,
ఏటూరునాగారం మొబైల్ షాపు యజమాని